దివిసీమలో డబ్బాడు మట్టి

బందరులో బి.ఎ. చదివే రోజుల్లో, సైన్సు రాని మాలాంటి వాళ్ళకి కూడా భూ వనరులు, పర్యావరణం మీద ఒక పేపరు పెట్టారు. ఏదైనా ఒక ఊరి మట్టినీ నీటినీ స్వయంగా చూసి రికార్డు రాయమన్నారు మాస్టారు. అది 1979 ఫిబ్రవరి. ఉప్పెన వచ్చి ఏడాది దాటింది. దివిసీమ వెళ్దామంది నా క్లాస్‌మేట్ షంషాద్. చెడిపోయిన నేల అంత దగ్గరలో ఉండడం మన అదృష్టం అన్నాన్నేను. ఆ మాట నిజంగానే అన్నాను.

గుడివాడలో ఆరింటి పాసింజరెక్కి బందరులో దిగేసరికి షంషాద్ క్యారియరుతో సిద్ధంగా ఉంది. ఎనిమిదింటి బస్సులో చల్లపల్లి మీదుగా అవనిగడ్డకి గంటన్నర, ఛార్జీ రెండు రూపాయల లోపే. మోపిదేవిలో గుడికొచ్చిన వాళ్ళు దిగిపోయాక బస్సు బోసిపోయింది. అవనిగడ్డలో బస్సు మారి కోడూరు చేరాం. పాలకాయతిప్ప వైపు రిక్షా అతను రానన్నాడు. నడక మొదలుపెట్టాం. దారి పొడుగునా తలల్లేని తాడిచెట్లు. పొలాల మీద తెల్లటి ఉప్పు పొర, సున్నం చల్లినట్టు.

గంట నడిచాక ఒక పాక ముందు వెంకటేశ్వర్లు గారనే పెద్దాయన కనిపించారు. బావి నీళ్ళు ఇంకా ఉప్పగానే ఉన్నాయట. దూరం నుంచి కావిడితో మోసుకొచ్చిన కాలవ నీళ్ళు మాకు చెరో గ్లాసు ఇచ్చారు. మేమడిగినవన్నీ ఓపిగ్గా చెప్పారు. వానలకి ఉప్పు కిందికి దిగుతుందట, ఎండ తగలగానే మళ్ళీ పైకి తేలుతుందట. సముద్రపు ఒడ్డున మడ అడవి మిగిలిన వైపు ఉప్పెన కెరటం కాస్త మెత్తబడిందని, ఇటువైపు మడ చెట్లని వంటచెరకు కోసం తామే కొట్టుకున్నామని చెప్పారు.

నేను గబగబా అంతా రాసుకుని పొలంలోకి దిగాను. ఒక మూల మాత్రం గడ్డి మోకాలెత్తున పెరిగి ఉంది. ఇక్కడ నేల బాగుపడుతోందని ఉత్సాహంగా నోట్సులో రాసి, వెంట తెచ్చుకున్న గరిటెతో తవ్వి డబ్బాలో వేసుకున్నాను. ఆయన నా వెనకే వచ్చారు.

"అక్కడ తియ్యకమ్మా," అన్నారు మెల్లగా.

ఎందుకండీ అనడిగాను.

"మా వాళ్ళని అక్కడే పెట్టాం. మొయ్యడానికి మనుషులు మిగల్లేదు. మా ఆవిడ, కోడలు, ఇద్దరు మనవలు."

నా చేతిలోంచి డబ్బా తీసుకుని, ఆ మట్టిని ఉన్నచోటే పోసి అరచేత్తో సర్దారు. తర్వాత అవతలి గట్టు దగ్గరకెళ్ళి, తనే తవ్వి డబ్బా నింపి ఇచ్చారు. చదువుకి కావాలి కదా అన్నారు. షంషాద్ ఏడుస్తోంది. నాకు ఏడుపు కూడా రాలేదు, సిగ్గేసింది.

బయల్దేరేటప్పుడు ఆయన ఒక్కటే అడిగారు. "ఈ ఉప్పు ఎప్పుడు పోద్దో తెలిస్తే ఓ కార్డు ముక్క రాయండమ్మా."

తిరిగి బందరు చేరేసరికి సాయంత్రం ఆరు.

కాలేజీ లేబులో పరీక్ష చేసిన మాస్టారు, ఇందులో పైరు నిలబడడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టొచ్చన్నారు. నా రికార్డుకి మంచి మార్కులొచ్చాయి. అరవై దాటిన మనిషికి ఇంకా ఏళ్ళు పడుతుందని ఎలా రాయాలో తెలియక కార్డు వాయిదా వేశాను. తర్వాత పరీక్షలు, ఆ తర్వాత ఉద్యోగం. ఆ కార్డు రాయనే లేదు. ఆయన ప్రతి ఎండాకాలం ఆ పొలం వంక చూస్తూ ఎదురుచూశారేమో, అదీ తెలుసుకోలేదు. వనరు అనే మాట ఎక్కడ చదివినా ఆ అరచెయ్యి గుర్తొస్తుంది.

ఇలాంటి చదువు పని మీద వెళ్ళే వాళ్ళకి ఒక్క మాట. మట్టి తీసే ముందు ఆ పొలం వాళ్ళని అడగండి, వాళ్ళ చిరునామా రాసుకోండి, తేలింది ఎంత చేదుగా ఉన్నా వారం లోపల ఉత్తరం వెయ్యండి.