పచ్చ పొట్లాల కింద రెండు చిప్పులు

షించు ఊళ్లో గాలి ఆగే రోజంటూ ఉండదు. ఆ గాలికి టపటపలాడే కిటికీ పక్కన కూర్చుని పావ్‌చూ కంప్యూటర్లు బాగుచేస్తుంది. పెళ్లికాక ముందునుంచీ బోర్డులకు టంకం వేసిన చెయ్యి ఆవిడది. పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడ్డ రోజున తక్కినవాళ్లు కుర్చీలూ ఫ్యాన్లూ మోసుకుపోతుంటే, ఆవిడ తను టంకం వేసిన బోర్డున్న సర్వరును బండి మీద తోసుకుంటూ తెచ్చుకుంది. దానికి రెండు చిప్పులు. అది నడుస్తుంటే ఫ్యాన్ల మోతకు పక్కవాళ్ల మాట వినపడదు.

సందులోని షియూ అవ్వకు మతిమరుపు జబ్బు వచ్చాక, ఆ జబ్బుకు మందు వెతికేవాళ్ల లెక్కల్లో వీధి కూడా ఓ చెయ్యి వేసింది. వాళ్లు పెద్ద లెక్కను ముక్కలు చేసి ఊరూరా కంప్యూటర్లకు పంచుతారు. ఖాళీగా ఉన్న యంత్రాలు వాటిని చేసి తిరిగి పంపుతాయి. వీధి తరఫున సంఘం గదిలో పావ్‌చూ సర్వరు ఆ పని చేస్తుండేది.

ఇంతలో లెక్కల మాస్టారు వేన్‌లుంగ్ కొత్త డెస్క్‌టాప్ ఒకటి బిగించుకొచ్చారు. గదిలోని కరెంటు రెండింటినీ మోయదు. ఏది ఎక్కువ ముక్కలు చేస్తే అది ఉండాలి, ఓడింది పాత ఇనుముకు పోవాలి అని సంఘం తేల్చింది. పావ్‌చూ కొట్లో కాలు పెట్టే చోటు లేదు మరి.

"మీది ముసలి ఎద్దుల జత అక్కా. నాది పందెం గుర్రం," అన్నారు మాస్టారు.

"గుర్రం మీద ఎన్ని మూటలు వేస్తారో చూస్తాగా," అంది పావ్‌చూ.

ఆవిడ ధైర్యం ఆవిడది. కొత్త చిప్పు ఒక్కో ముక్కను చకచకా చేస్తుంది, నిజమే. కానీ పాతవి రెండూ కలిసి ఒకేసారి బోలెడు ముక్కలు పట్టుకుంటాయి. ఒక్కోటి నిదానమైనా మొత్తం మీద ఎక్కువే రావాలి.

ఒకరోజు మాస్టారిది నడిచింది, మర్నాడు పావ్‌చూది. ఓడింది సర్వరే. పావ్‌చూకు ఆ పూట సేమ్యా సూప్ కూడా సయించలేదు. చివరిసారి తుడుద్దామని గుడ్డ పట్టుకుని వెళ్లి దానిమీద చెయ్యి వేసింది. చురుక్కుమంది.

యంత్రం మాట వినాలంటే దానిమీద పచ్చరంగు మొక్కజొన్న చిరుతిళ్ల పొట్లం పెట్టాలని ఆ దేశంలో నమ్మకం, ఆ తిండి పేరుకే 'బుద్ధిగా ఉండు' అని అర్థం. అక్కడ బ్యాంకులో అయినా ఆసుపత్రిలో అయినా అంతే. పావ్‌చూ గెలవాలని ఇంటికొకరు వచ్చి పెట్టిపోయారు. ఆ పొట్లాలన్నీ వేడిగాలి బయటికి పోయే జల్లెడ మీదే గుట్టపడి ఉన్నాయి. చిప్పు కాలిపోతుంటే తన వేగం తనే తగ్గించుకుంటుంది. మాస్టారు పిసినారి కాబట్టి ఆయన ఒకే పొట్లం తెచ్చి పక్కన పెట్టారు.

పావ్‌చూ చెయ్యి కాసేపు గాల్లోనే ఆగింది. గడువు తీరని పొట్లాన్ని తీస్తే యంత్రం అలుగుతుందని ఆవిడకూ లోపల భయమే. చివరికి ఒక్కొక్కటే తీసి, యంత్రానికి ఎదురుగా బల్లమీద వరసగా నిలబెట్టింది, అలగకుండా. తర్వాత మాస్టారిని పిలిచి చూపించింది.

ఆయన జల్లెడ మీద చెయ్యి పెట్టి చూసి, ఇది పందెం కిందికి రాదని తనే అన్నారు. మళ్లీ నడిపారు. ఒక్కో ముక్కనూ సర్వరు ఆలస్యంగానే ముగించింది, కానీ రోజు ముగిసేసరికి దాని మొత్తమే ఎక్కువ. మాస్టారు తగ్గలేదు, కరెంటు మీటరు చూపించారు. తన యంత్రం తిన్నదానికి రెండింతలకు పైగా మింగింది ఆ జత.

సంఘంవాళ్లు తల పట్టుకున్నారు. ఈ గొడవేదీ పట్టని షియూ అవ్వ మాత్రం కుర్చీ జరుపుకుని సర్వరు వెనక్కి చేరింది. బయట చలిగాలి మొదలైంది. ఆ సందులో ఏ ఇంట్లోనూ హీటరు లేదు. అవ్వ రెండు చేతులూ వేడిగాలికి చాపి, "ఈ పొయ్యి ఎవరిదే అమ్మా, బాగుంది," అంది.

మాస్టారు పావ్‌చూ వంక చూశారు. "ఎండాకాలం నాది, చలికాలం మీది. సరేనా అక్కా?"

"పొట్లాలు మాత్రం బల్లమీదే," అంది పావ్‌చూ, అవ్వకు ఇంకో కుర్చీ మెత్త తెస్తూ.