పురుగు పట్టని పెట్టె

ఆమెకూ ఒక పేరుండేది. బాప్తిస్మమప్పుడు పెట్టిన పేరు, బైబిలులోంచి ఏరి పెట్టిందే. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయాక మిగిలినవాళ్ళకు ఆమె పెట్టెమ్మ. మందిరంలో ప్రభువు బల్ల వెనక ఉండే పెద్ద చెక్కపెట్టె తాళంచెవి ఆమె మెడలో వేలాడేది. మొగుడు పోయాక దానికి మిగిలిన నగ అదొక్కటే అని తోడికోడలు ఎగతాళి చేసేది. పెట్టెమ్మ నవ్వి ఊరుకునేది.

ఆ పెట్టె సంగతి ముందు చెప్పాలి. బండ్లు తప్ప వేరే వాహనం ఎరగని కాలం అది. గోధుమ కోతలు కాగానే ప్రతి రైతూ తన కళ్ళంలోంచి మొదటి తట్టెడు గింజలు మందిరానికి తెచ్చి ఆ పెట్టెలో పోసేవాడు. అది దేవుని భాగం. ఏడాది పొడవునా బల్ల రొట్టె ఆ గింజల్లోంచే, లేనివాళ్ళకు పెట్టేదీ వాటిలోంచే. పెట్టెమ్మకు ముందు దాన్ని చూసుకున్న ముసలాయన చూపు సరిగా ఆనక, గింజల్ని ముక్కపురుగుకు అప్పగించేశాడు. ఒక ఆదివారం అయ్యగారు రొట్టె విరిచేసరికి మధ్యలో నల్లగా ఒక పురుగు కనబడింది. ఆ పూట ముసుగు చాటున కిసుక్కుమన్న వాళ్ళలో పెట్టెమ్మ కూడా ఉంది. తాళంచెవి తన మెడలో పడ్డాక మాత్రం ఆమెకు అది నవ్వులాటలా అనిపించలేదు.

ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. మందిరం వెనక రొట్టెలు కాల్చే మట్టిపొయ్యి ఉంది. రొట్టెలు తీసేశాక కూడా అది చాలాసేపు సెగలు కక్కుతూనే ఉంటుంది. కొత్త గింజల్ని పళ్ళేల్లో పరిచి, ఆ పొయ్యిలోకి తోసి, మూత బిగించి, పొయ్యి చల్లారాక తీసి పెట్టెలో పోసేది. ఇక పురుగు కాదు కదా, పురుగు గుడ్డు కూడా బతికేది కాదు. ఆ తర్వాత ఆ పెట్టెలో ఎవరూ పురుగన్నది చూడలేదు. అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆగి, "దేవుని సొమ్మును ఎలా కాపాడాలో మన చెల్లెల్ని చూసి నేర్చుకోండి" అన్నారు. ఆమె తల వంచుకుంది గానీ, ఇల్లు చేరేదాకా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎలా చేశావమ్మా అని ఒక్కరూ అడగలేదు. మగవాళ్ళకు పొయ్యి దగ్గర పనేముంది, ఆడవాళ్ళకు తీరికేముంది?

తర్వాత ఆకాశం మొహం చాటేసింది. మొదటి ఏడు ఉన్నది తిన్నారు. రెండో ఏడు గాలి లేచి, దున్నిన మట్టిని దున్నినట్టే ఎత్తుకుపోయి గడపల ముందు పోసింది. పశువులు నిలబడ్డచోటే కూలబడ్డాయి. చివరికి అటకెక్కించి దాచిన విత్తనాలు కూడా దించి తిరగలిలో విసరక తప్పలేదు. ఆ పిండితో చేసిన రొట్టె ముందు కూర్చుని పెట్టెమ్మ బావగారు చాలాసేపు చేయి కదపలేదు. ఆయన ఆమె భర్తకు అన్న. తమ్ముడు పోయాక ఆమెను తన ఇంట్లోనే ఉంచుకున్న మనిషి, మాట తక్కువ, పని ఎక్కువ.

ఏరు దాటితే అవతల బీడు భూములున్నాయనీ, దున్నుకున్నవాడిదే భూమి అనీ విన్నారు. కొన్ని కుటుంబాలు బయల్దేరడానికి సిద్ధమయ్యాయి. "భూమి ఉంటే సరిపోయిందా, అందులో ఏం చల్లుతాం? మన మొహాలా?" అన్నాడు బావగారు. అప్పుడు అయ్యగారు పెట్టె వైపు చూశారు. లేనివాళ్ళకు పెట్టగా అందులో ఇంకా సగం దాకా గింజలున్నాయి. అందరూ అటే చూశారు.

"దేవుని భాగాన్ని ఆయనే మనకు విత్తనంగా ఇస్తున్నాడు. కానీ ఒక్క మాట. దారిలో ఎంత ఆకలేసినా దీని మీద చెయ్యి వెయ్యకూడదు. అందరూ ఒప్పుకుంటేనే బండెక్కిద్దాం" అన్నారాయన.

అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది పెట్టెమ్మ.

ఆ ప్రయాణం గురించి పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. నడిచారు, ఆగారు, మళ్ళీ నడిచారు. చెప్పుల్లేని కాళ్ళు పగిలాయి, ఉన్న చెప్పులు తెగాయి. పిల్లలు మొదట్లో ఆకలని ఏడ్చారు, తర్వాత ఏడవడం మానేశారు. అదే పెద్దవాళ్ళను ఎక్కువ భయపెట్టింది. పెట్టెమ్మ అత్తగారు, అంటే బావగారి తల్లి, పెట్టెకు ఆనుకుని బండిలో కూర్చునేది. తన వంతు రొట్టెముక్కను మనవలకు తుంచి పెట్టేది. ఎవరైనా చూసి మందలిస్తే, "నేనింకా దుక్కి దున్నాలా, కోతలు కొయ్యాలా? కూర్చుని కునికే దానికి తిండెందుకే" అనేది.

ఒక సాయంత్రం అత్తగారు తల నిలబెట్టలేకపోయింది. తోడికోడలు పెట్టెమ్మ దగ్గరకొచ్చి చెవిలో అడిగింది.

"ఒక్క గుప్పెడు తియ్యవే. జావ కాచి పోస్తాను. ఎవరికీ తెలీదు."

"మాటిచ్చాం కదక్కా" అంది పెట్టెమ్మ, తాళంచెవిని పిడికిట్లో బిగించి.

"గుప్పెడే కదే!"

అత్తగారికి ఒళ్ళు తెలియడం లేదనుకున్నారు గానీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి. "దాని జోలికి పోకండి. అది నేల్లో పడాలి. నా మనవలు చేలో నిలబడి తినాలి" అంది. మర్నాడు ఆమె లేవలేదు. బాట పక్కనే గొయ్యి తవ్వి, అయ్యగారు ప్రార్థన చేసి, నాలుగు రాళ్ళు పేర్చి ముందుకు కదిలారు. పెట్టెమ్మ ఏడ్చింది, కానీ ఆ ఏడుపులో కొంచెం గర్వం కూడా ఉంది. మాట నిలబెట్టాం అనుకుంది.

ఏరు దాటేటప్పుడు బండిచక్రం ఇసుకలో దిగబడి పెట్టె ఒక మూల నీళ్ళలో మునిగింది. లాగి గట్టెక్కించారు. ఒడ్డు చేరాక గుడిసెలు వేసుకోవడం, నీళ్ళకు గుంట తవ్వుకోవడం, ముళ్ళపొదలు కొట్టుకోవడం. పెట్టె తెరవడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. తీరా ఒక రోజు బావగారికి తడిసిన మూల గుర్తొచ్చింది. తడిసిన గింజలు మొలకెత్తి ఉంటే ఆ మేరకు విత్తనం పోయినట్టే. అందరూ చుట్టూ మూగారు. పెట్టెమ్మ తాళం తీసింది.

మూలనున్న గింజలు ఉబ్బి, మెత్తబడి, పులిసిన వాసన వేస్తున్నాయి. బావగారు చెయ్యి లోపలికి పోనిచ్చి దోసెడు తీసి వెలుగులో చూశాడు. మళ్ళీ తీశాడు. ఆయన మొహం విప్పారింది.

"ఒక్కటి కూడా మొలకెత్తలేదు! అయ్యగారూ, చూడండి! ఇన్నాళ్ళు తడిలో నాని కూడా ఒక్కటంటే ఒక్కటి..."

"స్తోత్రం" అన్నారు అయ్యగారు. "మన కోసం ఆయన ఆపి ఉంచాడు."

ఎవరో పాట ఎత్తుకున్నారు. ఎన్నాళ్ళకో వాళ్ళ గొంతుల్లో మళ్ళీ జీవం వినబడింది. పెట్టెమ్మ కూడా మొదటి చరణం పాడింది. రెండో చరణంలో ఆమె నోరు ఆగిపోయింది. చిన్నప్పుడు పుట్టింట్లో కప్పు కారి గోధుమ బస్తా తడిసింది. అటక మీదినుంచి దించేసరికి గోనె కన్నాల్లోంచి తెల్లటి వేళ్ళు గడ్డంలా వేలాడుతున్నాయి. వాళ్ళ నాన్న తల బాదుకున్నాడు. తడిసిన గోధుమ ఊరుకోదు. ఊరుకుందంటే అందులో ప్రాణం లేదు.

మట్టిపొయ్యి గుర్తొచ్చింది. పళ్ళేలు, మూత, చెయ్యి పెట్టనివ్వని సెగ. పురుగును చంపిన వేడి గింజను మాత్రం ఎలా వదిలిపెడుతుంది? ఆమె పెట్టె అంచు పట్టుకుని నిలబడింది. చుట్టూ అందరూ పాడుతూనే ఉన్నారు.

బావగారు పుట్టు రైతు. ఆ గింజలు ఇంకెవరి బస్తాలోవైనా అయితే అందరికంటే ముందు ఆయనే అనుమానించేవాడు. ఇది దేవుని పెట్టె కావడంతో ఆయన బుద్ధి గడప దగ్గరే చెప్పులు విడిచినట్టు ఆగిపోయింది. పెట్టెమ్మ ధైర్యం చేసి, "బావగారూ, ఓ గుప్పెడు తడిగుడ్డలో కట్టి చూద్దామా, మొలక వస్తుందో లేదో" అంది.

"దేవుడికి పరీక్ష పెడతామా అమ్మా?" అన్నాడాయన, కోపంగా కాదు, ఆశ్చర్యంగా. అక్కడితో ఆ మాట అయిపోయింది.

ఆమె మాత్రం పరీక్ష పెట్టింది. పెట్టె నడిమి నుంచి పొడిగింజలు తీసి, తడిగుడ్డలో మూట కట్టి, పొయ్యిగడ్డ వెనక వెచ్చగా ఉండేచోట దాచింది. రోజూ తడుపుతూ వచ్చింది, రోజూ విప్పి చూసింది. గింజలు ఉబ్బాయి, జిగురెక్కాయి, వాసన కొట్టాయి. మొలక జాడ లేదు.

అవతల దున్నకం మొదలైంది. మిగిలిన ఒక్క ఎద్దుకు జోడీ లేదు. కాడికి ఒక పక్క ఎద్దు, ఇంకో పక్క మనుషులు వంతులవారీగా. పెట్టెమ్మ కూడా తాడు భుజానికేసుకుని లాగింది. బీడు నేల, అడుగడుగునా రాళ్ళు, వేళ్ళు. భుజాల మీద తోలు లేచిపోయింది. ప్రతి చాలుకూ ఆమె నోటిదాకా మాట వచ్చేది, గుటక వేసి మింగేసేది. చెప్పకపోతే ఏమవుతుంది? చల్లుతారు, ఎదురుచూస్తారు, మొలవదు. వానను తిడతారు, పిట్టల్ని తిడతారు, చివరికి దేవుని చిత్తం అని సరిపెట్టుకుంటారు. తన పొయ్యి ఎవరికీ గుర్తు రాదు. ఆమె చెడ్డ మనిషి కాదు. ఒళ్ళు హూనమై, లేచి నిలబడటమే గగనమై, ఇంకొక్క బరువు కూడా మొయ్యలేని మనిషి. మాట్లాడకుండా ఉండటం ఒక్కటే ఆమెకు సులువుగా కనబడింది. మాట్లాడితే అత్తగారి మాట కూడా ఎత్తాలి, అది ఆమె వల్ల కాదు.

వాన పడింది. మంచి వాన, నేల లోపలిదాకా దిగిన వాన. మర్నాడు చల్లకం. సాయంత్రం అందరూ దున్నిన చేను గట్టున ప్రార్థనకు చేరారు. పిల్లలు బురదలో ఆడుకోకుండా కూర్చునే ఉన్నారు, ఆడేంత ఓపిక లేదు వాళ్ళకు. ప్రార్థన కాగానే బావగారు చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇలా ఇవ్వమ్మా."

పెట్టెమ్మ మెడలోంచి తాడు తీసింది. ఇవ్వలేదు. కొంగున కట్టుకున్న తడిమూట తీసి ముందు దాన్ని ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇది విప్పండి బావగారూ. చల్లకండి. ఈ గింజలు చచ్చిపోయాయి. నేనే చంపాను."

పొయ్యి సంగతి చెప్పింది. పళ్ళేల సంగతి చెప్పింది. పురుగు పట్టకూడదని చేశానంది. చెప్పిందే మళ్ళీ చెప్పింది. బావగారు కుళ్ళిన గింజల్ని వేలితో కదుపుతూ, "అమ్మ..." అన్నాడు.

తోడికోడలు లేచి వచ్చి పెట్టెమ్మ ఎదురుగా నిలబడింది. "గుప్పెడు అడిగానే నిన్ను. గుప్పెడు!" అని, వెనక్కి తిరిగి గుడిసెలోకి వెళ్ళిపోయింది.

అయ్యగారు బురదగట్టు మీదే చతికిలబడ్డారు. "నేను పొగిడాను" అన్నారు. "అందరి ముందూ నిలబడి పొగిడాను. ఎలా చేశావమ్మా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఈ తప్పులో నాకూ వంతుంది."

తిట్టినవాళ్ళు తిట్టారు. ఏడ్చినవాళ్ళు ఏడ్చారు. ఆ కాస్త ఓపిక కూడా అయిపోయాక బావగారు లేచాడు. "మొలవకపోతే మానె, తినడానికి పనికొస్తాయిగా. ఏటి కింద ఊళ్ళో తిండిగింజలు తీసుకుని విత్తనాలిచ్చేవాళ్ళు ఉండకపోరు. ఇవి మొలవవని ముందే చెప్పి ఇద్దాం. నేల ఆరేలోగా తిరిగి రావాలి" అన్నాడు. పెట్టెమ్మ వైపు చూడకుండానే అన్నాడు. "రేపైతే చల్లేసి ఉండేవాళ్ళం. ఇవాళ చెప్పావు. అదే పదివేలు."

ఆయన ఒంటెద్దు బండి కట్టుకుని పోయి, నేల తడి ఆరకముందే తిరిగొచ్చాడు. విత్తనం వచ్చింది గానీ తక్కువ వచ్చింది. దున్నిన నేలలో సగానికే సరిపోతుంది, అంతమంది రెక్కలు ముక్కలు చేసుకుని దున్నిన మిగతా సగం ఈ ఏడు ఉత్తదే. చల్లే ముందు బావగారు ఒక గుప్పెడు తడిగుడ్డలో కట్టి అందరి ఎదుటా పెట్టెమ్మ చేతికిచ్చాడు. "చూస్తూ ఉండు" అన్నాడు. ఈసారి దేవుని పేరెత్తి ఎవరూ అడ్డు చెప్పలేదు. మూట విప్పిన రోజు గుడ్డను చీల్చుకుని తెల్లటి మొనలు వచ్చాయి. ఆమె వాటిని చూసి సంతోషించలేకపోయింది. అలసట తప్ప ఇంకేమీ పట్టలేదు ఆ మనసులో.

సగం చేను చల్లడం పూర్తయిన సాయంత్రం, తినడానికని పెట్టె అడుగున ఉంచిన గింజలతో రొట్టె చెయ్యమన్నాడు బావగారు. పెట్టెమ్మే విసిరింది, పెట్టెమ్మే కాల్చింది. బయల్దేరిన నాటి నుంచి పిల్లలు మొదటిసారి కడుపు నిండా తిన్నారు. తిని, తిన్నచోటే ఒరిగిపోయారు. ఆమె తన ముక్కను చేత్తో పట్టుకుని కూర్చుంది. గుప్పెడు గింజలకు ఇంతే అయ్యుండేది రొట్టె, ఇంకా తక్కువే అయ్యుండేది. జావ అయితే ఒక గిన్నెడు.

తోడికోడలు ఆ సాయంత్రం గట్టు నుంచి లేచి వెళ్ళినది మొదలు ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఒకే కప్పు కింద పడుకుంటూ, ఒకే కుండలో నీళ్ళు తాగుతూ కూడా మాట్లాడలేదు. ఇప్పుడు వచ్చి పక్కన కూలబడింది. పెట్టెమ్మ చేతిలోని రొట్టెను చూసింది. అందులోంచి చిన్న ముక్క తుంచింది. తన నోట్లో పెట్టుకుంటుందనుకుంది పెట్టెమ్మ. ఆమె దాన్ని పెట్టెమ్మ నోటి దగ్గర పెట్టింది.

"తిను" అంది. "ఆవిడ తినకుండా పోయింది చాలు."

పెట్టెమ్మ నోరు తెరిచింది.