కూర్చోవడానికి వేసిన అప్పీలు

మా ఎదురింటి ఫౌజీ కాక పోయారు. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ గేటు దగ్గర, పొద్దుటి డ్యూటీలో నిలబడి ఉండగానే కుప్పకూలారట. తోటి వాచ్‌మన్ కాక భార్య చిన్నమ్మకు చెప్పలేక నాకు ఫోన్ చేశాడు. పొయ్యి ఆపి వెళ్ళి తలుపు తట్టాను. చిన్నమ్మ చేతిలో బియ్యం చాటతోనే వచ్చింది. నా మొహం చూసి, "మెట్ల మీద పడ్డడా?" అంది. ఇన్నేళ్ళుగా ఆమె భయమంతా మెట్ల గురించే.

కాక మాకు చుట్టం కాదు. సిరిసిల్ల వైపు నేతపని కుటుంబంలో పుట్టి, మగ్గం ఎక్కకుండా సైన్యంలో చేరారు. మంచుకొండల్లో మూటలు మోసి మోసి మోకాళ్ళు అరగదీసుకున్నారు. బయటికొచ్చాక, తమ్ముళ్ళు పవర్‌లూమ్‌లలో పనిచేస్తున్న సూరత్‌కే వచ్చి వాచ్‌మన్‌గా కుదిరారు. అందరిలాగే మేమూ ఫౌజీ కాక అనే పిలిచాం.

ఖటోదరాలోని మా బిల్డింగులో మెట్లు నిటారుగా ఉంటాయి. కాక వాటిని వెనక్కి తిరిగి దిగేవారు. మెట్లవైపు మొహం పెట్టి, కమ్మీ పట్టుకుని, ఒక్కో కాలే కిందికి జార్చేవారు. పిల్లలు "రివర్స్ గేర్! రివర్స్ గేర్!" అని అరిచేవారు. "నవ్వుండ్రి బే. దిగేటప్పుడు గూడ నా మొఖం పైకే ఉంటది, చూస్కోండ్రి" అనేవారు కాక.

ఒకసారి మా ఆయన చెయ్యి మగ్గంలో పడి నలిగింది. సర్కారు దవాఖానాలో నేను ఆయన పక్కన కూర్చుంటే, చీటీ కోసం, ఎక్స్-రే కోసం, మందుల కోసం వరుసల్లో నిలబడింది కాకే. కూర్చోమంటే వినలేదు. సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పలేకపోతే చిన్నమ్మ కింద కూర్చుని విప్పింది. ఆ మోకాళ్ళు అంతగా వాచి ఉండటం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

సైన్యం నుంచి వచ్చేటప్పుడే ఆయన కీళ్ళ జబ్బు కాగితం మీదికి ఎక్కింది. కానీ అది కొలువు వల్ల వచ్చింది కాదని డాక్టర్లు రాశారు. దాంతో మామూలు పింఛనే గాని, వైకల్యానికిచ్చే పింఛను రాలేదు. ఆ నిర్ణయం మీద అప్పీలు చేసుకోవచ్చని కాకకు చాలా ఏళ్ళు తెలియదు. తెలిశాక కాగితాల సంచి తెచ్చి నా ముందు పెట్టారు.

"గేటు కాడ కుర్చీ ఎయ్యనియ్యరు బిడ్డా. కూసునే నౌకరీ నాకెవ్వడిస్తడు? ఈ పింఛను వస్తే ఇంట్ల కూసుంట."

ఆయనకు కావలసింది అంతే. కాగితాలు వరుసగా పెట్టి, నకళ్ళు తీయించి, అప్పీలు పంపాను. "నువ్వెప్పుడైనవే వకీలువు?" అని మా ఆయన నవ్వాడు.

మళ్ళీ పరీక్షకు రమ్మని సైనిక ఆస్పత్రి నుంచి పిలుపొచ్చింది. కాక నొప్పి దాచుకుంటారని మాకు తెలుసు. అందుకే ఇంట్లోనే సాధన చేయించాను. నేను ఆఫీసర్‌ని; నొప్పి ఉందా, ఎప్పటినుంచి అని హిందీలో అడిగేదాన్ని.

"దర్ద్ హై?"

"హై సాబ్."

"కబ్ సే?"

"ఫౌజ్ సే సాబ్."

"ఆఫీసరమ్మ చేతిల గరిటె ఉన్నది, జర భద్రం" అని చిన్నమ్మ నవ్వింది.

రైల్లో నేనూ వెంట వెళ్ళాను. ఆస్పత్రి వరండాలో "హవల్దార్!" అని ఆయన పాత హోదాతో పిలుపు వినపడగానే కాక చేతికర్ర గోడకు ఆనించి, వీపు నిటారుగా పెట్టి లోపలికి నడిచారు. తలుపు సగం తెరిచే ఉంది. "కైసే హో?" అని డాక్టర్ కుశలం అడిగాడు. బూట్ల మడమలు టక్కుమన్నాయి. "ఏక్‌దమ్ ఠీక్, సాబ్!" అన్నారు కాక. గొంతుక్కూర్చోమంటే కూర్చున్నారు. లెమ్మంటే లేచారు. బయటికొచ్చాక బెంచీ దాకా రాలేక, గోడ పట్టుకుని ఆగిపోయారు. చొక్కా అంతా చెమటతో తడిసింది.

"ఏంది కాక గిట్ల చేసినవ్? నొప్పి అని ఒక్క మాటంటే ఏం పోయేది?"

"హవల్దార్ అని పిలిచిండు బిడ్డా. ఎన్నేండ్లాయె అట్ల పిలువక. ఆ పిలుపుకు నొప్పి అని ఎట్లంటరు?"

ఇంటికొచ్చి చెబితే చిన్నమ్మ ఊరుకోలేదు. "నా మీద అరిసేటప్పుడు ఉంటది నొప్పి, సాబ్ ముందట ఉండదు! రేపు యముడొచ్చి కైసే హో అంటే గూడ ఠీక్ అనే అంటవ్." కాక తల వంచుకుని మోకాళ్ళకు నూనె రాసుకుంటూ ఉండిపోయారు. కొన్నాళ్ళకు, కీళ్ళు బాగానే వంగుతున్నాయని రాసి అప్పీలు కొట్టేశారు. మర్నాడు పొద్దున కాక మళ్ళీ మెట్లు దిగి డ్యూటీకి వెళ్ళారు.

తర్వాత ఒక వకీలును పట్టుకుని సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్‌కు వెళ్ళాం. విచారణలు వాయిదా పడుతూ పోయాయి. ఈలోగా కాక కాళ్ళు పూర్తిగా చాపలేని స్థితికి వచ్చారు. పడుకున్నా మోకాళ్ళ కింద దిండు ఉండాల్సిందే. చివరికి కొత్తగా పరీక్ష చేయాలని ఆదేశమొచ్చింది. "ఈపారి కట్టె పట్కొనే పోత. అన్నీ చెప్త. నా మీద ఒట్టు" అన్నారు కాక. పరీక్ష తేదీ రాకముందే ఆయన పోయారు.

కేసు ఇక చిన్నమ్మ పేరు మీద నడపాలని వకీలు చెప్పాడు. "పరీక్ష చేయడానికి మనిషి లేడు కదమ్మా, ఉన్న కాగితాలతోనే వాదించాలి" అన్నాడు. వాదించమనే చెప్పాను. నాకు మాత్రం కాకను ఇంటికి తెచ్చిన ఆ మధ్యాహ్నమే కళ్ళలో ఉంది.

స్నానం చేయించి పాడె మీద పడుకోబెట్టారు. కాళ్ళు చాపుకోలేదు. తమ్ముడొకడు మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టి కిందికి నొక్కబోయాడు.

"నొక్కకు!" అని చిన్నమ్మ అరిచింది. "నొప్పి పెడ్తది ఆయనకు."

అతను చేతులు తీసేశాడు. మార్కెట్ వాళ్ళు తెల్లబట్ట తెచ్చి కప్పారు. తమ్ముళ్ళు, మగ్గాల వాళ్ళు ఒక్కొక్కరే కొత్త బట్టలు తెచ్చి కప్పారు. ఎన్ని కప్పినా, పాడె మధ్యలో ఆ రెండు మోకాళ్ళు పైకి లేచే కనబడ్డాయి. సందు చివర మలుపు తిరిగేదాకా, ముందు నడిచేవాళ్ళ తలల మధ్య నుంచి నాకవి కనబడుతూనే ఉన్నాయి.