పొగ పట్టిన సీసా

2011 వానాకాలం. బరంపురం గేట్ బజార్‌లో మాది ఆఫ్ షాపు. అంటే సీసా కొనుక్కుని వెళ్లాలే తప్ప అక్కడ కూర్చుని తాగడానికి వీల్లేదు. ఇరవై ఏళ్లు కౌంటరు వెనక నిలబడ్డవాణ్ని, మనిషి మెట్లెక్కే తీరు చూసి రమ్మా, విస్కీయా చెప్పేయగలనని నాకు కాస్త గర్వం. దాన్ని దింపినవాడు అప్పన్న.

పొలసరలో ఉప్పుడు బియ్యం మిల్లు నడిపే నాయుడు గారు ఒకరోజు వచ్చారు.

"ముప్పయ్యేళ్లు నా దగ్గర పన్జేసినోడు మానేస్తన్నాడు. మంచి సీసా గావాల."

శాంపిల్ సీసాల మూతలు తీసి వాసన చూపించాను. చివరిది సింగిల్ మాల్ట్. ఒకే బట్టీలో, మొలకెత్తిన బార్లీతో మాత్రమే చేసే విస్కీ. గింజలు ఆరబెట్టేటప్పుడు పీట్ అనే బురదనేల మట్టిగడ్డలు కాలుస్తారు, ఆ పొగ గింజకు పడుతుంది. పద్ధెనిమిదేళ్లు చెక్క పీపాలో ఉన్నాక ఘాటు చచ్చి, తేనె, ఎండుద్రాక్ష వాసనల వెనక పొగ సన్నగా మిగులుతుంది. అబ్బ, ఎన్నిసార్లు మూత తీసినా నాకు అది ముద్దే!

నాయుడు గారు రెండుసార్లు వాసన చూసి పకపకా నవ్వారు.

"ఇదే. ఇంకేటీ సూపించకు."

ఎందుకు నవ్వారో నేను అడగలేదు. పెద్ద సీసా అమ్ముడుపోయిన సంబరంలో ఉన్నాను.

వారం తిరక్కుండానే ఆ సీసాను తువ్వాలులో చుట్టుకుని ఒక సన్నటి ముసలాయన వచ్చాడు. అతనే అప్పన్న. సీసాలో ఒక్క గుక్క తగ్గింది, అంతే.

"బాబూ, ఇది పాడైపోనాదా? నిజం సెప్పు."

"పద్ధెనిమిదేళ్ల సరుకయ్యా, పాడవడమేంటి?"

"నాకేటీ తెలీదనుకున్నావా? గింజ ఆరబెట్టినప్పుడే పొగ పట్టేసినాది. ముప్పయ్యేళ్లు మిల్లులో డ్రయ్యర్ కాడే ఉన్నాను."

నేను కంపెనీ వాళ్ల కాగితం చదివి నేర్చుకున్నది ఈయన ఒక్క గుక్కతో పట్టేశాడు!

"కావాలనే పొగ పెడతారు" అన్నాను.

"ఎర్రోళ్లేటి, కావాలని పెట్టడానికి?" అని కసిరాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. "ఓ వానాకాలం తడిసిన ఊకతో పొయ్యి ఎలిగించేసినాను. గిడ్డంగి బియ్యమంతా పొగ వాసన. ఏ కొట్టోడూ తీసుకోలేదు. సావుకారు ఆయేళ ఒక్క మాటన్లేదు. ఇన్నేళ్లకి, ఎల్లిపోయే రోజున, పొగ సరుకు సేతిలో ఎట్టి ఎగతాళి సేసినాడు. ఇది ఆయనకిచ్చీ. మరా గుమ్మం తొక్కను."

కళ్లు తుడుచుకున్నాడు. వెంటనే నాయుడు గారికి ఫోన్ కలిపి, జరిగింది చెప్పి, స్పీకరు పెట్టాను.

"ఓరి ఎర్రోడా!" అన్నారాయన. "ఆ బియ్యం ఏటైనాదనుకున్నావు? పారబోస్తే నీ మనసిరిగిపోద్దని కొంత అయినకాడికి అమ్మి, మిగిలింది ఇంటికి తెప్పించేసినాను. ఏడాది పొడుగునా అదే తిన్నాం. మొదట్లో మా ఆవిడ నన్ను తిట్టినాది. తరవాత మంచి బియ్యం వండితే సప్పగున్నాదనీది. ఆవిడ పోయి నాలుగేళ్లు. ఆ సీసా మూత తియ్యగానే మా వంటిల్లు గుర్తొచ్చినాదిరా. నీకు కాక ఇంకెవరికిస్తాను?"

అప్పన్న సీసాను మళ్లీ తువ్వాలులో జాగ్రత్తగా చుట్టాడు.

"బాబూ, ఇందులో నీళ్లెన్ని పొయ్యాల?"

"గ్లాసుకి ఒక్క చెంచా. వాసన విచ్చుకుంటుంది."

"అయితే ఎల్తాను. సావుకారికి నీళ్లు కలపడం సేతకాదు" అని మెట్లు దిగాడు.

నాయుడు గారు నవ్విన రోజే ఎందుకని అడిగి, ఆ మాట చీటీ మీద రాసి సీసాకు కట్టి ఉంటే, ఆ ముసలాయన అన్ని రోజులు లోలోపల కుమిలేవాడు కాదు. ఇప్పుడు మంచి సీసా ఎవరు కొన్నా ఎవరికి, ఎందుకు అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.