గడ్డక్క నాటిన కలుపు

ఆ రిసార్టు పనిలో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవరు. గడ్డక్క అంటారు. గడ్డి నాటించేదీ ఆమే, తప్పు చేసినవాడికి నలుగురిలో గడ్డి పెట్టేదీ ఆమే. రెండో పనిలోనే పేరెక్కువ. పైపు వంకరగా వేసిన ప్లంబరు దగ్గర్నుంచి మొక్కల్ని ఎండలో దించిపోయిన లారీ డ్రైవరు దాకా ఆమె చేత చీవాట్లు తినని వాళ్ళు లేరు.

తోటలు గీయడం ఆమె వృత్తి. పంచర్ల షాపు పైన ఒక అద్దెగదిలో, కింద రబ్బరు కాలిన వాసన పీలుస్తూ, ఏళ్ళ తరబడి గురువుగారి కోసం గీసింది. ఆయనకు గుండ్రంగా కత్తిరించిన పొదలంటే ప్రాణం. ఏ తోటైనా ఆయన చేతిలో పడితే క్షవరం చేయించుకొచ్చిన పెళ్ళికొడుకులా తయారవ్వాల్సిందే. ఆమెకు ఒళ్ళు మండేది. నోరు మూసుకుని గీసేది. బయటికొచ్చి సొంతంగా పట్టుకున్న మొదటి పని ఈ రిసార్టు. ఇది చెడితే మళ్ళీ ఆ గదికి, ఆ గుండ్రటి పొదల దగ్గరికే.

యజమాని మొదట్లో అడిగింది ఒక్కటే. అతిథి తలుపు తీస్తే అడవిలో ఉన్నట్టుండాలి. గడ్డక్క ఆ మాటను గట్టిగా పట్టుకుంది. కాటేజీల నుంచి ఈతకొలను దాకా దిగే వాలులో పచ్చిక పరచలేదు. కొండల్లో తిరిగి విత్తనం ఏరుకొచ్చి, నారు పోసి, మోకాలెత్తు పెరిగే అడవిగడ్డి నాటించింది. బండరాళ్ళను సగం పూడ్చి, ఎప్పట్నుంచో అక్కడే పడున్నట్టు చేసింది. గడ్డి కుదురుకుంది. వెన్ను వేసింది. గాలి వస్తే వాలంతా ఒక్కసారి ఒరిగి లేచేది.

యజమానికి మాత్రం అనుమానం పట్టుకుంది. ఆ వాలేమిటి పాడుబడినట్టుందని ఫోన్లో నసిగాడు. సాయంత్రం వచ్చి చూస్తాననీ, నచ్చకపోతే పని ఇంకొకరికిచ్చి పచ్చిక వేయించుకుంటాననీ చెప్పాడు.

సరిగ్గా ఆ రోజే అత్త నేనూ వస్తానని కూర్చుంది. కోడలు అసలు పనంటూ ఏదైనా చేస్తుందా అని ఆమెకు పెళ్ళయిన కొత్త నుంచీ సందేహమే. మా కోడలు కాగితాల మీద గడ్డి పెంచుతుందని చుట్టాలతో చెప్పేది. అది గొప్పో ఎత్తిపొడుపో వాళ్ళకు అంతుపట్టేది కాదు. అత్త వయసంతా కూలికి కలుపు తీసిన మనిషి. ఇప్పటికీ ఆ చేతులు ఊరుకోవు. బస్టాపులో నిలబడ్డా సిమెంటు పగుల్లో మొలిచినదాన్ని లాగి పారేస్తుంది.

కోడలు ఆమెను ఒక బండ మీద కూర్చోబెట్టి, నీళ్ళ సీసా చేతికిచ్చి, కొలను మోటారు మొరాయిస్తోందంటే అటు పరిగెత్తింది. మెకానిక్కుకు పెట్టాల్సిన గడ్డంతా పెట్టి తిరిగొచ్చేసరికి వాలు నడుమ ఓ మడంత మేర బోడిగుండయిపోయింది. గడ్డి వేళ్ళతో సహా ఊడొచ్చి కుప్పలుగా పడి ఉంది. మట్టి దులిపి మరీ పేర్చిన కుప్పలవి. అత్త మోచేత్తో నుదురు తుడుచుకుంటూ లేచింది.

"ఇంత కలుపు పెట్టుకుని ఓనరుని ఎలా రమ్మన్నావే? చూస్తే నిన్నేగా అనేది. చేతనైనంత తీశాను."

అందరికీ గడ్డి పెట్టే మనిషి ఊడొచ్చిన దుబ్బొకటి చేతిలోకి తీసుకుంది. గడ్డక్క ఆ కుప్ప పక్కనే కూలబడింది.

"కలుపు కాదత్తయ్యా. నేను నాటిందే."

అత్త ముందు నమ్మలేదు. గడ్డిని పనిగట్టుకుని నాటేవాళ్ళుంటారా అంది. తర్వాత కోడలి మొహం చూసి నమ్మింది. చేతులు వెనక్కి దాచుకుంది.

అంతలో కారొచ్చింది. యజమాని దిగి నేరుగా ఆ బోడి మడి దగ్గరికే నడిచాడు. మొహం విచ్చుకుంది.

"ఇదిగో, ఇలా ఉండాలి మేడమ్. శుభ్రంగా. మిగతాది కూడా పీకించెయ్యండి."

ఒక్క సరే అంటే పని నిలబడుతుంది. గడ్డక్క ఆ సరే కోసం గొంతు సవరించుకుంది కూడా. అనేసేదే. అత్త ముందుకొచ్చింది.

"తప్పు నాది బాబూ. కలుపనుకుని పీకేశాను. ఇది మా అమ్మాయి పెంచిన గడ్డంట."

"పెంచిందా? దానంతటదే పెరిగింది కాదూ?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఇన్నాళ్ళూ అతను ఆ వాలును ఎవరూ ముట్టుకోలేదనుకున్నాడు. ఈవిడ పనెగ్గొట్టి అడవి అని పేరు పెట్టిందనుకున్నాడు. మొహమాటానికి అడగలేక పాడుబడిందంటూ వచ్చాడు. గడ్డక్క విత్తనం ఏరిన కొండ దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. రాళ్ళు కూడా మీరు పెట్టినవేనా అని అతను ఒక్కో రాయినీ చూపించి అడిగాడు. కలుపు తీసే చేతికే తేడా తెలియలేదంటే తనకేం తెలుస్తుందని నవ్వాడు.

అయినా పూర్తిగా దిగిరాలేదు. కొలను చుట్టూ అతిథులు ఉత్తికాళ్ళతో నడుస్తారు, అక్కడ పచ్చికే కావాలన్నాడు. పైవాలు మాత్రం ఆమె ఇష్టం, పీకినదాన్ని మళ్ళీ నాటుకోమన్నాడు. గడ్డక్కకు కొలను అంచే ఎక్కువ ఇష్టం. గడ్డి వెన్నులు నీళ్ళ మీదికి వంగేది అక్కడే. వాదించింది, ఓడిపోయింది, ఒప్పుకుంది. పని మాత్రం ఆమెదే.

కారు వెళ్ళేసరికి అత్త అప్పటికే గొంతుక్కూర్చుని దుబ్బులు నాటేస్తోంది. ఆ చేతులకు నాట్లు కూడా వచ్చు. తాడు కట్టినట్టు తిన్నగా, ఎడం తప్పకుండా.

"వరసల్లో వద్దత్తయ్యా. అడవిలో వరసలుండవు. చెయ్యి ఎటుపోతే అటు నాటండి."

అత్త ఒక దుబ్బును ఆ పక్కన పెట్టి చూసింది. మనసొప్పక తీసి మళ్ళీ వరసలోనే పెట్టింది.

"నా వల్ల కాదే. ఈ వయసులో నన్ను వరస తప్పమంటావేంటి?"

గడ్డక్క పడీపడీ నవ్వింది. తర్వాత ఆమె వెనకాలే కూర్చుంది. అత్త తిన్నగా నాటుకుంటూ ముందుకు పోయింది. కోడలు ఒక్కో దుబ్బునూ అటో ఇటో జరుపుకుంటూ వెనకే వెళ్ళింది.