ఆష్‌బర్న్‌కొచ్చిన ద్వీపం జట్టు

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని ఆష్‌బర్న్‌లో ఆదివారం పొద్దున్నే బాస్కెట్‌బాల్ ఆడే తెలుగు ఆడవాళ్లకు కోచ్ పద్మజ. ఆవిడ విజిల్ ఊదితే నలభై దాటినవాళ్లు కూడా కబుర్లు ఆపి పరిగెడతారు.

పెళ్లయిన కొత్తలో ఆవిడ ఆటల టీచరుగా, భర్త దివాకర్ కంప్యూటర్ టీచరుగా హిందూ మహాసముద్రంలోని ఒక చిన్న ద్వీపదేశంలో పనిచేశారు. యూనివర్సిటీ జట్టుకు ఆడిన మనిషని తెలిసి, ఆ దేశపు మొట్టమొదటి మహిళల జట్టును తయారుచేసే పని ఆవిడకే అప్పగించారు. కోర్టుకు పైకప్పు లేదు. సముద్రపు గాలికి బంతి పక్కకు పోయేది. వాన పడితే చీపుళ్లతో నీళ్లు తోసి ఆడేవారు. మొదటి టోర్నమెంటులో అన్ని మ్యాచ్‌లూ చిత్తుగా ఓడారు. ఆఖరి మ్యాచ్‌లో అందరికన్నా పొట్టిపిల్ల షిఫా దూరం నుంచి విసిరిన బంతి బుట్టలో పడితే, కప్పు గెలిచినట్టే గంతులేశారు.

తర్వాత దివాకర్‌కు డేటా సెంటర్‌లో ఉద్యోగం రావడంతో కుటుంబం అమెరికా వచ్చేసింది. ద్వీపంలో జట్టు మాత్రం నిలబడింది. మెల్లగా పొరుగుదేశాల మీద గెలవడం కూడా నేర్చుకుంది.

ఈ వేసవిలో షిఫా ఫోన్ చేసింది. ఇప్పుడు ఆ జట్టుకు ఆమే కోచ్. శిక్షణ కోసం అందరూ వర్జీనియా వస్తున్నారట. ప్రాక్టీస్ మ్యాచ్ ఆడేవాళ్లు దొరుకుతారా అని అడిగింది.

"మావాళ్లున్నారుగా!" అనేసింది పద్మజ.

దివాకర్ నవ్వాడు. "నేషనల్ టీమ్‌తోనా? మీ జట్టులో ఉమగారికి మోకాలి సర్జరీ అయి ఏడాదైనా కాలేదు."

"ఓడిపోతే ఓడిపోతాం లెండి. వాళ్లని చూడాలనుంది నాకు."

మ్యాచ్ రోజు కమ్యూనిటీ సెంటర్‌లో షిఫా పద్మజ చెయ్యి పట్టుకుని తమ బెంచీ దగ్గరికి లాక్కెళ్లింది. "మన టీమ్‌ని మొదలుపెట్టింది ఈవిడే," అని తన జట్టు పిల్లలకు చెప్పింది. వాళ్లంతా లేచి నిలబడ్డారు. పద్మజ ఒక్కొక్కరి పేరూ అడిగి తెలుసుకుంది.

మొదటి సగం అక్కడే కూర్చుంది. రెండో సగంలో ఆష్‌బర్న్ బెంచీ మీదికి వచ్చింది. ఉమ బంతితో దూసుకుపోతుంటే, పాత అలవాటుకొద్దీ ద్వీపం భాషలో "వెనక్కి రండి!" అని అరిచింది. షిఫా పిల్లలు చటుక్కున వెనక్కి వచ్చి బంతి లాగేసుకున్నారు.

"ఇంతకీ మీరు ఎవరి కోచండీ?" అంది ఉమ, నడుం పట్టుకుని నవ్వుతూ.

ఆష్‌బర్న్ ఘోరంగా ఓడింది. తర్వాత అందరూ చెట్ల నీడలో కూర్చుని పద్మజ చేసిన పులిహోర తిన్నారు. బస్సు డ్రైవర్ హారన్ కొట్టేదాకా, పాత జట్టులో ఎవరెవరు ఎక్కడున్నారో షిఫా చెబుతూనే ఉంది, పద్మజ అడుగుతూనే ఉంది.