సుబేదారుగారి సందేహాలు

కోదండరామయ్యగారు ఏ మాటైనా "ఒకవేళ"తోనే మొదలుపెడతారు. సరిహద్దుల్లో కొలువు చేసి సుబేదారుగా రిటైరైన ఆ మనిషికి, నోయిడాలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టంటే హడల్.

"ఒకవేళ మధ్యలో ఆగిపోతే?" అని మెట్లెక్కుతారు. సగం ఎక్కాక, "ఒకవేళ మోకాలు పట్టేస్తే?" అని అక్కడే కూలబడతారు. కాఫీ ఇస్తామంటే, "ఒకవేళ నిద్ర పట్టకపోతే?" అంటారు. టీ అన్నా అదే మాట. చివరికి రెండూ తాగి వెళతారు.

అలాంటాయనకి మా ఆవిడ అరుంధతి టెండరు సంగతి చెప్పేసింది.

అరుంధతిది చిన్న లాండ్రీ. కొందరు ఆడవాళ్ళు పనిచేస్తారు. పని ఇచ్చే హోటలు మూతపడటంతో, వాళ్ళలో ఎవరిని మానిపించాల్సి వస్తుందోనని ఆమెకి తిండి సయించడం లేదు. అంతలో నగర సంస్థవాళ్ళు గెస్ట్‌హౌస్‌ల దుప్పట్లు ఉతకడానికి టెండరు పిలిచారు. కానీ అన్నీ కలిపి ఒక్కరికే ఇస్తారట. అంత పెద్ద పని ఇదివరకు చేసి ఉండాలట.

"ఎవరో ఒకరు ఇస్తేనే కదండీ చేసేది!" అంది అరుంధతి.

టెండరు మీద సందేహాలు తీర్చే మీటింగుకి సుబేదారుగారూ బయల్దేరారు. "ఒకవేళ ట్రాఫిక్ జామైతే?" అని మమ్మల్ని పొద్దున్నే లేపేశారు. ఆఫీసు గేటు దగ్గర చౌకీదారు, "అంకుల్‌జీ, ఆఫీస్ అభీ బంద్ హై" అని, ఇంకా తెరవనే లేదని నవ్వాడు.

మీటింగు హాల్లో ముందు వరుస నిండా పెద్ద కాంట్రాక్టర్లు. "ఎనీ డౌట్స్?" అన్నాడు ఆఫీసరు. సుబేదారుగారు లేచి, తన మిలటరీ హిందీలో అందుకున్నారు.

"ఒకవేళ ఆ ఒక్క కాంట్రాక్టరు మెషీన్లు చెడిపోతే?"

"బాగుచేయించుకుంటాడు."

"ఒకవేళ సగంలో చేతులెత్తేస్తే?"

హాలంతా నవ్వింది. నాకు తలెత్తుకోవాలంటే సిగ్గేసింది.

"అప్పుడు ఒక్క గెస్ట్‌హౌస్‌లోనైనా దుప్పటి ఉండదు కదా సార్?"

ఆఫీసరు నవ్వు ఆపేశాడు.

"ఒకవేళ ఒక్కో గెస్ట్‌హౌస్ ఒక్కొక్కరికి ఇస్తే? చిన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి కూడా?"

ఆఫీసరు కాసేపు పెన్ను తిప్పి, "ఠీక్ హై, ఆలోచిస్తాం" అన్నాడు.

బయటికి రాగానే నస్రీన్ అనే ఆవిడ ఎదురొచ్చింది. "అంకుల్, ఆప్ యహాఁ భీ?" అంది, ఇక్కడికీ వచ్చారా అన్నట్టు సంతోషంగా. ఆవిడ స్కూలు యూనిఫాంలు కుట్టిస్తుందట. ఆ యూనిఫాంల టెండరు మీటింగులోనూ ఈయన ఇలాగే లేచారట. అంతకుముందు ఆవిడెవరో ఈయనకి తెలియనే తెలియదు!

"అరుంధతినే అడగనివ్వచ్చు కదండీ?" అన్నాను.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "అమ్మాయి అడిగితే ఆఫీసువాళ్ళ కంట్లో పడుతుంది బాబూ. రేపు పని దగ్గర సతాయిస్తారు. ముసలాడి చాదస్తమైతే నవ్వేసి ఊరుకుంటారు."

అరుంధతి కళ్ళొత్తుకుంది. ఆయన కంగారుపడి నావైపు చూశారు.

తర్వాత షరతులు మార్చారు, పనిని విడగొట్టారు. వాటిలో ఒక గెస్ట్‌హౌస్ అరుంధతికి వచ్చింది. ఎవరినీ మానిపించలేదు. పైగా ఇంకో మనిషిని పెట్టుకుంది.

మొదటి లోడు టెంపోలోకి ఎక్కించే రోజున సుబేదారుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ఒక దుప్పటి అంచు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చారు.

"భలే ఉందమ్మాయ్!" అని, డ్రైవరు పక్క సీట్లో ఎక్కి కూర్చున్నారు. ఎంత చెప్పినా, "ఒకవేళ దారిలో దుప్పటి జారిపోతే?" అని దిగలేదు.